పెద్దాయన మాట ఇదీ

జూన్ 4, మంగళవారం

ఇవాళ పొద్దున్న మా పార్టీ పెద్దాయన నాలుగు వాక్యాలు మాట్లాడారు. డాక్టరుకు ఒక్కటీ అర్థం కాలేదు. ఆయన కూతురు, మా అక్కయ్య, సగం సగం పట్టుకుంది. సొంత అక్క కాదు గానీ ఆ ఇంట్లో ఇన్నేళ్లు తిరిగాక వేరే పిలుపు నోటికి రాదు. నాకు మాత్రం నాలుగూ అర్థమయ్యాయి. తెర తీయమన్నారు. పేపరు అడిగారు. డాక్టరు కళ్లద్దాలు ముక్కు మీదికి జారిపోతున్నాయి, నీ షాపుకి తీసుకెళ్లి బిగించి పంపించరా అన్నారు. నాలుగోది కూడా డాక్టరు గురించే, ఇక్కడ రాయను.

పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది గానీ బుర్ర చెక్కుచెదరలేదు. మాటల్లో హల్లులు పోయి అచ్చులు మిగిలాయి, అంతే. ఆయన పక్కన కూర్చుని పార్టీ కార్యదర్శిగా పనిచేసినవాడికి అచ్చులు చాలు. నేను ఇంతవరకు "మళ్లీ చెప్పండి" అని ఒక్కసారి కూడా అడగలేదు. అక్కయ్య అడుగుతుంది. ఆయన విసుక్కుంటారు.

పదమూడున సమావేశం. మార్కెట్ హాలు సంగతి తేల్చాలి. హాలు వారసుడు దాన్ని ఒక బిల్డరుకి అమ్ముతున్నాడు, బిల్డరు పడగొడతాడు. కౌన్సిల్ దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించి అడ్డుకోవాలన్నది మా హెడ్మాస్టరు గారి ప్రతిపాదన. కౌన్సిల్లో మెజారిటీ మాదే కాబట్టి మా గదిలో ఏమనుకుంటే ఊళ్లో అదే జరుగుతుంది.

నా షాపు ఆ హాల్లోనే ఉంది. ఆ సంగతి వేరు.

జూన్ 6, గురువారం

మా పార్టీ పేరులో పరిరక్షణ అన్న మాట ఉంది. దేన్ని పరిరక్షించాలో మాత్రం పేరులో లేదు. అక్కడే వచ్చింది గొడవంతా.

సమావేశాల గదిలో పొడుగాటి బల్లకి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క మడిచి పెడతాం. హెడ్మాస్టరు గారు, "మా నాన్నగారి రోజుల నుంచీ అట్టముక్కే, దాని జోలికి పోవద్దు" అంటారు. మిల్లాయన, "అమ్మేసి కొత్తది కొనుక్కోండి, ఎవడొద్దన్నాడు" అంటాడు. కెప్టెన్ అయితే మిగతా మూడు కాళ్లూ కోయించి సమానం చేస్తానంటాడు. ముగ్గురూ మా పార్టీవాళ్లే. ముగ్గురూ తామే అసలైన పార్టీ అనుకుంటారు.

ఇది చెబితే మా ఆవిడ పడీ పడీ నవ్వింది. "మరి మీరేం చేస్తారండీ?" అంది.

"నేనా? అట్టముక్క మారుస్తూ ఉంటాను, నలిగినప్పుడల్లా."

"అదే, మీ ఉద్యోగం అదే" అంది. అవతలి పార్టీకి ఓటేస్తుంది ఈవిడ. ఇంట్లోనే ప్రతిపక్షాన్ని పెట్టుకుని కాపురం చేస్తున్నాను.

జూన్ 9, ఆదివారం

ఆదివారమైనా షాపు తెరిచాను. తెరిచిన పాపానికి ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒక్కరూ కళ్లు చూపించుకోలేదు.

ముందు మిల్లాయన. బండమనిషి, చేతులు ఊపకుండా మాట్లాడలేడు. అద్దాల స్టాండు కాస్త జరిపాను. "కార్యదర్శి గారూ, హాలు వాడిది. వాడి తాత కట్టుకున్నాడు. వాడి సొత్తు వాడు అమ్ముకుంటుంటే సర్కారు చెయ్యి అడ్డం పెడితే, ఇక మనకీ అవతలివాళ్లకీ తేడా ఏముంది? ఇవాళ హాలు, రేపు నా మిల్లు, ఎల్లుండి మీ షాపు. మనిషికి తనది అన్నది ఒకటుంటేనే ఎవడికీ వంగడు. అది పోతే మిగతావన్నీ ఉత్త కబుర్లే."

ఆయన వెళ్లాడో లేదో హెడ్మాస్టరు గారు వచ్చారు. నా కుర్చీలో కూర్చుని, హాలు గాజు పైకప్పు వంక చూశారు. పైనుంచి వెలుతురు ఇనుప స్తంభాల మీద పడుతోంది. "బాబూ, ఇది వాడి తాత ఒక్కడే కట్టాడా? ఎదురుగా బొత్తాల కొట్టావిడ, ఆ మూల గడియారాల ఆయన, వాళ్ల ముందువాళ్లు, ఇక్కడ కొన్నవాళ్లు, వీళ్లందరూ కలిసి నిలబెట్టారు దీన్ని. కాగితం మీద పేరుంటే సొంతదారు, తరాల తరబడి వాడుకున్నవాళ్లు దారినపోయేవాళ్లూనా? కట్టినవాళ్లు లేరు, రేపు వాడుకోవాల్సినవాళ్లు ఇంకా పుట్టలేదు. మనం మధ్యలో కాపలావాళ్లం. కాపలావాడు అమ్ముకోనిస్తాడా?"

చివర కెప్టెన్. సైన్యం వదిలేసి చాలాకాలమైనా ఇప్పటికీ తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి లోపలికి వస్తాడు. "ఏమయ్యా కళ్లద్దాలూ, ఉంచండి, కూల్చండి, నాకు రెండూ ఒకటే. ఒక్క మాట మీద ఉండండి. పెద్దాయన ఒక్క మాట చెబితే దాని మీద నిలబడదాం. మాట మీద నిలబడని చోట ఏదీ నిలబడదు."

ముగ్గురూ వెళ్తూ ఒకే మాట అన్నారు: ఆయన్ని కనుక్కో. ఏమంటున్నారో నీకే కదా తెలిసేది.

గర్వంగా ఉందని రాసుకుంటే తప్పేముంది. నేను ఇది ఎవరికీ చూపించను.

జూన్ 11, మంగళవారం

కెప్టెన్ చెప్పిన మాటే మా ఆనవాయితీ. మా గదిలో ఎప్పుడూ చేతులెత్తి ఓటేయం. చిన్నవాళ్ల దగ్గర మొదలుపెట్టి అందరూ ఒక్కోసారి మాట్లాడతారు. పెద్దాయన చివరి మాట చెబుతారు. అందరం లేచి నిలబడతాం. అయిపోతుంది. ఓటేస్తే గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ పుడతారు, చివరి మాటకి లేచి నిలబడితే అందరూ కలిసే బయటికొస్తారు. ఇంతకన్నా నాగరికమైన పద్ధతి నాకు తెలియదు.

సాయంత్రం అక్కయ్య మందులకు వెళ్తే పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ముగ్గురూ చెప్పింది ఆయనకు చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత మాట్లాడారు, మధ్యమధ్య ఆగుతూ.

"మిల్లువాడు చెప్పిందీ నిజమే. మాస్టారు చెప్పిందీ నిజమే. అదేరా తంటా."

"మరి మీ మాట?"

"నాకు తెలీదురా."

ఆయన నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు.

"చేతులెత్తించు" అన్నారు.

"మన ఆనవాయితీ..."

"అది ఎవడు పెట్టాడో తెలుసా? నేనే. కుర్చీలు విసురుకున్న ఏడాది. అప్పుడది అవసరం. నేను పోయాక ఎవడు చెప్తాడు చివరి మాట? నువ్వా? ఓడిపోయి కూడా పక్కపక్కన కూర్చోవడం వీళ్లకి రాదు. నేనుండగానే నేర్చుకోవాలి."

ఇంత పొడుగ్గా మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. నీళ్లు పట్టాను. సగం గడ్డం మీదికి కారాయి. తుడిచాను.

కొత్త మందుల మత్తు అయ్యుంటుంది.

జూన్ 13, గురువారం

చాలా బాగా జరిగింది.

కెప్టెన్, మిల్లాయన కలిసి చక్రాల కుర్చీతో సహా పెద్దాయన్ని మేడ మీదికి మోశారు. అందరూ మాట్లాడారు. మిల్లాయన బల్ల గుద్దితే అట్టముక్క జారిపోయింది, నేను వంగి పెట్టాను. ఒక దశలో ఇద్దరూ ఉప్పూ నిప్పూ అయిపోయి, "మీరు పార్టీలో ఎందుకున్నారు" అంటే "మీరెందుకున్నారు" అనుకునేదాకా వచ్చింది. అప్పుడు పెద్దాయన ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టారు. ఇద్దరూ కూర్చున్నారు. ఆయన మాట్లాడారు. అందరూ నా వంక తిరిగారు.

నేను లేచి, "పెద్దాయన మాట ఇదీ" అన్నాను. "హాలు ఉండాలి. కౌన్సిల్ దాన్ని కాపాడాలి."

అందరూ లేచి నిలబడ్డారు. మిల్లాయన అందరికన్నా ఆఖరున లేచాడు, కానీ లేచాడు. అదే మా ఆనవాయితీ బలం.

పెద్దాయన నా వంకే చూస్తూ ఉండిపోయారు. అలసిపోయినట్టున్నారు.

జూన్ 14, శుక్రవారం

ఆయన అన్నది అక్షరాలా అదే కాదు. భావం అదే.

జూన్ 15, శనివారం

భావం కూడా అదే కాదు.

జూన్ 17, సోమవారం

సరే, రాస్తాను. ఎవరు చూడొచ్చారు.

ఆయన అన్నది: "నాకు తెలీదు. చేతులెత్తండి."

అందరి కళ్లూ నా మీదున్నాయి. ఒకవైపు మిల్లాయన ముఖం, ఒకవైపు మాస్టారి ముఖం. ఆయనకు తెలియదట అని ఆ గదిలో ఎలా చెప్పను? పెద్దాయనకే తెలియకపోతే ఇక పార్టీ ఏమిటి? చేతులెత్తమంటే అక్కడికక్కడే రెండు ముక్కలయ్యేది. నేను అబద్ధమాడలేదు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆయన ఏమనేవారో అది చెప్పాను. ఇన్నేళ్ల పెద్దాయన మాట చెప్పాను, మంచాన పడ్డ పెద్దాయన మాట కాదు. ఇందులో ఏది ఎక్కువ విశ్వాసం?

నా షాపు సంగతి వేరు. ఆ క్షణంలో అది నా మనసులోకే రాలేదు.

ఇవాళ వెళ్తే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. పేపరు చదివి వినిపించాను. చదవడం అయిపోయినా ఇటు తిరగలేదు.

జూన్ 20, గురువారం

హెడ్మాస్టరు గారు షాపుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లనిండా నీళ్లు. "ఆయన మాట మాకు దక్కించావు బాబూ" అన్నారు. "నాదేముందండీ" అన్నాను. నిజంగానే నాదేమీ లేదన్నట్టు అన్నాను.

ఆయన వెళ్లాక, షాపులో నాతోపాటు పనిచేసే మా ఆవిడ, అటువైపు ఒకరికి కళ్లద్దాలు తొడిగి చూస్తున్నదల్లా, ఆగింది. వాళ్లు వెళ్లేదాకా ఆగి అడిగింది.

"ఆ రోజు పెద్దాయన ఏమన్నారండీ?"

"చెప్పాను కదా."

"మీరు అందరికీ చెప్పింది విన్నాను. ఆయన ఏమన్నారు అంటున్నా."

"నీకు రాజకీయం తెలీదు."

"నాకు మీరు తెలుసు" అంది. "వారం నుంచీ అన్నం దగ్గర తల ఎత్తట్లేదు. షాపు పోతుందని భయమేసిందా? వేస్తే వేసిందని చెప్పొచ్చుగా, నాకూ వేసింది."

కసిరాను. కస్టమర్ల ముందు ఇలాంటివి మాట్లాడొద్దన్నాను. కస్టమర్లెవరూ లేరు.

జూన్ 23, ఆదివారం

మిల్లాయన రాజీనామా చేస్తాడట. ఒక్కడే కాదు, సగంమంది ఆయన వెంట పోతారు. ఇంటికే వచ్చి చెప్పాడు. చేతులు ఊపలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"నేను ఓడినందుకు కాదండీ. ఆయన నా వాదన గురించి ఒక్క ముక్కైనా అంటారనుకున్నా. తప్పురా అనైనా అంటారనుకున్నా. ఇరవై ఏళ్ల వయసులో ఆయన వెనక ఈ పార్టీలోకి వచ్చాను. నా మాట ఆయనకి అంత పనికిరానిదైపోయిందా?"

"మిల్లువాడు చెప్పిందీ నిజమే." ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. అది చెబితే మిగతాదీ చెప్పాలి. "ఆయనకి ఓపిక లేదు" అన్నాను.

పార్టీ ముక్కలవకూడదనే కదా నేను ఇదంతా చేసింది. ముక్కలవుతోంది.

ఇరవై ఏడున మళ్లీ సమావేశం పెట్టాం, ఆఖరి ప్రయత్నంగా. ఆ మర్నాడే కౌన్సిల్.

జూన్ 25, మంగళవారం

అక్కయ్య గుమ్మంలోనే ఆపింది.

"తమ్ముడూ, నాన్న నిన్న నాతో చాలాసేపు మాట్లాడారు. పదిసార్లు చెప్పించుకున్నాను. విసుక్కోలేదు."

"ఏమన్నారు?"

"ఇక నుంచి వాడితో చెప్పించను అన్నారు."

లోపలికి వెళ్లాను. మంచం పక్కన నా స్టూలు లేదు. నిలబడ్డాను. పెద్దాయన పది రోజుల తర్వాత నా వంక తిరిగి ఒక్క మాట అన్నారు. రెండే అచ్చులు వినిపించాయి. ఏమిటో స్పష్టంగా తెలిసింది.

"ఎందుకు?"

వినపడనట్టు దుప్పటి సర్దాను. అర్థం కానట్టు నటించడం ఆయన దగ్గర ఇదే మొదటిసారి. ఆయనకు తెలిసిపోయింది. కళ్లు మూసుకున్నారు.

ఇంటికొచ్చి మా ఆవిడకు మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఎల్లుండి ఏ చొక్కా వేసుకుంటారు, ఇస్త్రీ చేస్తాను" అంది.

జూన్ 27, గురువారం

వాన. ఈసారీ మిల్లాయన, కెప్టెన్ కలిసే మోశారు కుర్చీని. మెట్ల మలుపులో "మీ వైపు ఎత్తండి" అంటే "మీ వైపు దించండి" అని అరుచుకున్నారు. పెద్దాయన తొణకలేదు. అక్కయ్య గొడుగు మడిచి గుమ్మం దగ్గర నిలబడింది.

మిల్లాయన రాజీనామా జేబులో ఉందని అందరికీ తెలుసు. ఆయన లేవకముందే నేను లేచాను. వయసు వరస తప్పింది. హెడ్మాస్టరు గారు ముఖం చిట్లించారు.

"పదమూడో తారీకున పెద్దాయన అన్నది నేను చెప్పింది కాదు" అన్నాను. "ఆయన 'నాకు తెలీదు, చేతులెత్తండి' అన్నారు. హాలు ఉండాలన్నది నా మాట."

ముందు హెడ్మాస్టరు గారే తేరుకున్నారు. "అబద్ధం" అన్నారు. "ఆయన అలా అనరు. ఇన్నేళ్లలో ఎన్నడైనా అన్నారా?"

"ఎవడు కొన్నాడయ్యా నిన్ను?" అన్నాడు కెప్టెన్.

మిల్లాయన నాకు మద్దతిస్తాడనుకున్నాను. ఆయనకు లాభమే కదా. ఆయనా తల అడ్డంగా ఊపాడు. "నేను పోతానని జాలిపడి అల్లుతున్నారు కార్యదర్శి గారూ. పెద్దాయనకి తెలియకపోవడమేంటి?"

నెలరోజులుగా ఒక్క విషయంలో కలవని ముగ్గురూ చివరికి కలిశారు, నేను అబద్ధాలకోరునన్న విషయంలో. పదమూడున అబద్ధం చెబితే లేచి నిలబడ్డారు. ఇవాళ నిజం చెబితే నమ్మరు. ఎందుకు నమ్ముతారు? వాళ్లకి కావలసిన పెద్దాయన్ని తయారుచేసి ఇచ్చింది నేనే.

అప్పుడు పెద్దాయన మాట్లాడారు. అందరూ అలవాటుగా నా వంక తిరిగి, మళ్లీ నన్ను నమ్మకూడదని గుర్తొచ్చి, అక్కయ్య వంక తిరిగారు. ఆవిడ "నాన్నా, మళ్లీ చెప్పు" అంది. ఆయన చెప్పలేదు. ఎడమ చెయ్యి బల్ల మీద నుంచి తీసి నెమ్మదిగా పైకెత్తారు. భుజం దాకా, చెవి దాకా, తల పైకి. చెయ్యి వణుకుతోంది. దించలేదు. దానికి అర్థం చెప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది.

ఆ గదిలో లేచిన మొదటి చెయ్యి అది. కెప్టెన్ నిట్టూర్చి, "ఆజ్ఞ అంటే ఆజ్ఞే" అన్నాడు. "హాలు ఉండాలన్నవాళ్లు చేతులెత్తండి."

హెడ్మాస్టరు గారు ఎత్తారు. ఇంకొందరు ఎత్తారు. పెద్దాయన తన చెయ్యి దించనే లేదు, అంటే హాలు వైపే. తెలీదు తెలీదన్న మనిషి ఈ రెండు వారాల్లో తేల్చుకున్నారో, ఆ క్షణంలోనే తేల్చుకున్నారో.

నా చెయ్యి ఒళ్లో ఉంది. హెడ్మాస్టరు గారు నన్నే చూస్తున్నారు.

"నా షాపు హాల్లో ఉంది" అన్నాను. "ఆ రోజు నేను అబద్ధమాడింది పార్టీ కోసం ఎంతో, షాపు కోసం అంత. నేను ఎత్తను."

వద్దన్నవాళ్లు ఎత్తినప్పుడూ నేను ఎత్తలేదు. ఒక్క చెయ్యి తేడాతో హాలు పోయింది. నేను ఎత్తి ఉంటే సమానమయ్యేది.

ఆ తర్వాత జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. ఎవరం లేవలేదు. చివరి మాటకి లేవడం తెలుసు గానీ ఓటయ్యాక ముందు ఎవరు లేవాలో మాకు ఆనవాయితీ లేదు. గెలిచినవాళ్లు లేస్తే పొగరు, ఓడినవాళ్లు లేస్తే అలక. కుర్చీలకు అతుక్కుపోయి ఒకరినొకరు చూసుకుంటున్నాం. మిల్లాయన గెలిచానన్న సంగతి మింగుడుపడక కర్చీఫుతో మెడ తుడుచుకుంటున్నాడు. పెద్దాయన ఒక్కరే నవ్వారు. ముఖంలో సగమే నవ్వుతుంది, ఆ సగమూ బాగా నవ్వింది. జీవితంలో మొదటిసారి ఆ గదిలో ఓడిపోయారు మరి.

చివరికి మిల్లాయన బల్ల కిందికి వంగాడు. ఎవరి కాలో తగిలి అట్టముక్క జారిపోయింది. దాన్ని మడిచి కాలి కింద పెడుతూ, అక్కణ్ణుంచే, "మాస్టారూ, కాస్త అటు ఎత్తి పట్టుకోండి" అన్నాడు. హెడ్మాస్టరు గారు ముఖం మాడ్చుకునే లేచారు. ఎత్తి పట్టుకున్నారు. దాంతో అందరం లేచాం. రాజీనామా కాగితం జేబులోనే ఉండిపోయింది. రేపేం చేస్తాడో తెలియదు.

హెడ్మాస్టరు గారు నాతో మాట్లాడలేదు. మాట్లాడరేమో ఇక. నా కార్యదర్శి పదవి గురించి వచ్చేవారం చేతులెత్తుతారట. బాగానే నేర్చుకున్నారు.

వానలో కుర్చీని నేనే తోసుకుంటూ వెళ్లాను, వద్దని ఎవరూ అనలేదు కాబట్టి. ఒక చేత్తో గొడుగు. అక్కయ్య ముందు నడుస్తోంది. హాలు పక్కగా వెళ్తుంటే గాజు పైకప్పు మీద చినుకుల చప్పుడు వినిపించింది. ఏడుపొచ్చింది. వానే కదా, ఎవరికీ తెలియదు.

పెద్దాయన ఏదో అన్నారు. వాన హోరులో అచ్చులు కూడా కలిసిపోయాయి. క్షమించానన్నారనుకోవచ్చు. తిట్టారనుకోవచ్చు. నాకు కావలసింది ఏదైనా అనుకోవచ్చు. కుర్చీ ఆపి ముందుకొచ్చి వంగాను.

"మళ్లీ చెప్పండి" అన్నాను.

చెప్పారు. అర్థం కాలేదు.

"మళ్లీ చెప్పండి."

విసుక్కోలేదు. నెమ్మదిగా, ఒక్కో ముక్కే పట్టి పట్టి చెప్పారు.

"గొడుగు ఇటు పట్టరా, తడుస్తున్నాను."